మామయ్య కారుకూ తుప్పు పట్టింది

అమ్మకు,

నీ ఏకైక పుత్రుడు చేతులు జోడించి, తల వంచి, సర్వవిధాలా సిగ్గుపడుతూ సమర్పించుకుంటున్న మహా క్షమాపణ.

ముందుగా ఇనుముకు నా క్షమాపణలు. తడిస్తే తుప్పు పట్టే దాని బలహీనత నలుగురి నోళ్ళలో పడింది. తర్వాత నీళ్ళకూ గాలికీ. ఇనుముతో వాళ్ళకున్న పాత స్నేహం ఇలా బజారున పడుతుందని పాపం వాళ్ళు అనుకుని ఉండరు. ఆపైన మీ తమ్ముడిగారి కార్ల షెడ్డుకు, ఆ షెడ్డులో కస్టమర్లు కూర్చునే అద్దాల గదికి, ఆ గదిలోని చేపల తొట్టికి, ఆ తొట్టిలో ఉండి జరిగిందంతా కళ్ళారా చూసి కూడా నోరు తెరవడం, మూయడం తప్ప ఒక్క ముక్క సాక్ష్యం చెప్పని ఎర్ర చేపలకు. చిట్టచివరగా నీకు. నన్ను ఇంజినీరింగు చదివించావు కదా, అందుకు.

ఈ వరసలో మామయ్య లేడని నువ్వు ఈపాటికి కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినుంచి వెతికి ఉంటావు. వెతక్కు. మరిచిపోయి వదిలేసింది కాదు.

ఇక్కడ నేను క్షేమం. అత్తయ్య క్షేమం, అయితే ఆ సంగతి తను నాతో చెప్పడం మానేసింది. మామయ్య ఆరోగ్యం దివ్యంగా ఉంది, నన్ను చూసినప్పుడు తప్ప. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తున్నాను, ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా అలాగే ఉండమని ప్రార్థన.

కవరు బరువుగా ఉందేమిటని పోస్టుమేను అడిగే ఉంటాడు. అడుగున చిన్న కాగితం పొట్లం ఉంది. ఉత్తరం అయ్యేదాకా దాన్ని విప్పొద్దు. విప్పొద్దన్నానుగా. అక్కడ పెట్టు.

ఫోను చేస్తే పోయేదానికి ఈ ఉత్తరాలేమిటని నీకు అనిపించవచ్చు. ఫోనైతే నువ్వు స్పీకరు పెడతావు. పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చుంటారు. సగం విని తీర్పు చెప్పేస్తారు. పోయినసారి ఆవిడ నాకు పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని తేల్చారు. బ్రేకు డిస్కులకూ పెళ్ళికీ సంబంధమేమిటో నా చదువుకి ఇంకా అందలేదు.

ఇక నీ ప్రశ్నలు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. అత్తయ్య పంపే కారియర్ ఆగిపోయింది కానీ మన గుండు మేస్త్రి ఉన్నాడు కదా, షెడ్డులో పెద్ద మెకానిక్కు, ఆయన తన డబ్బా మూత తీసి నా వైపు జరిపి, తను అటు తిరిగి కూర్చుంటాడు. మామయ్య చూస్తే నేనే దొంగిలించి తింటున్నానని చెప్పుకోవచ్చని ఆయన ఏర్పాటు. గడ్డం తీశావా అన్నావు. తీశాను. షెడ్డు మీద గదిలో వాన కురుస్తోందా అన్నావు. కురుస్తోంది, కానీ ఒకే మూల. ఆ మూలకి బకెట్టు పెట్టి, దానికి గౌరవంగా మంచం జరిపాను.

నీ నాలుగో ప్రశ్న మాత్రం ఇలా ఒక్క ముక్కలో తేలేది కాదు. నీ మాటలే తిరిగి రాస్తున్నాను: "వారం రోజులుగా ముసురు, కారు బయటికి తియ్యలేదు. నిన్న చూస్తే చక్రాల లోపల పళ్ళాల్లాంటివి ఉంటాయి చూడు, అవి ఎర్రగా తుప్పు పట్టేశాయి. పోయిన వానల్లో కూడా ఇలాగే వస్తే తమ్ముడు చూసి నవ్వాడు. 'అక్కా, ఇదేం కాదే, రెండుసార్లు బ్రేకు తొక్కు, అదే పోతుంది' అన్నాడు. ఈసారి ఎక్కువగా ఉంది. వాణ్ణి అడుగుదామంటే నీ మీద మండిపడుతున్నాడు. నువ్వు చెప్పు, నడపొచ్చా?"

నడపొచ్చమ్మా. ఆ పళ్ళాలే డిస్కులు. బ్రేకు తొక్కినప్పుడు రెండువైపుల నుంచీ ప్యాడ్లు వచ్చి వాటిని గట్టిగా పట్టుకుంటాయి, బండి ఆగుతుంది. పోత ఇనుము కాబట్టి తడిసి ఊరుకుంటే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ఖాళీ వీధిలో నెమ్మదిగా నడుపుతూ నాలుగైదుసార్లు మెత్తగా బ్రేకు తొక్కు. మొదట గర్రుమంటుంది, భయపడకు. తర్వాత దిగి చూస్తే తోమిన గిన్నెలా మెరుస్తుంటుంది. అలా తొక్కాక కూడా గరగర పోకపోయినా, తొక్కినప్పుడల్లా పెడలు అదిరినా, డిస్కు మీద వేలికి తగిలేంత గాట్లు పడినా, అంచు గట్టులా పైకి లేచినా అప్పుడు మార్చాలి. నీది రెండేళ్ళ బండి. ఏం కాలేదు.

ఇంతే. ఈ నాలుగు ముక్కలే నా నేరం. వీటిని నీకు చెబితే నేను మంచి కొడుకుని, మామయ్య చెబితే మంచి తమ్ముడు. కస్టమరుకి చెబితే మాత్రం ఇల్లు కూల్చేవాణ్ణి.

షెడ్డు సంప్రదాయం ఒకటి నీకు తెలియదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: సర్వీసుకు ఇచ్చిన ప్రతి కారుకూ ఉచిత వాష్. మేం దాన్ని సాయంత్రం స్నానం అంటాం. షట్టరు దించే ముందు ఆవరణలో ఉన్న ప్రతి బండినీ కడగాలి. పైపుతో చక్రాల మీద బలంగా కొట్టాలి. తర్వాత బాడీని గుడ్డతో తళతళలాడేలా తుడవాలి, చక్రాలు మాత్రం తుడవకూడదు. అది నియమం. శనివారమైతే మరీ ప్రశస్తం, ఆదివారం సెలవు కదా, తడి తన పని తీరిగ్గా చేసుకుంటుంది. పొద్దున బండిని స్టార్టు చెయ్యం. బండిని పైకెత్తే లిఫ్టు దాకా తోసుకుంటూ తీసుకెళ్తాం. నడిపి బ్రేకు తొక్కితే ప్రదర్శన పాడైపోతుంది. చక్రాలు ఊడదీసి, ఎర్రటి డిస్కులు అద్దాల గదివైపు తిరిగేలా నిలబెట్టి, కస్టమర్ని పిలుస్తాం. "చూడండి సార్, మీ కళ్ళతో మీరే చూడండి. డిస్కులు పోయాయి."

ఆ చివరి రెండు మాటలు చెప్పడమే నా ఉద్యోగం. డిగ్రీ ఉన్నవాడు చెబితే నమ్ముతారని మామయ్య నన్ను పిలిపించాడు. మెడలో ట్యాగు కూడా వేశాడు. నేను మొదటిరోజే పంటి నొప్పి అన్నాను. తర్వాత గొంతు నొప్పి. నా శరీరంలో నొప్పులన్నీ అయిపోయిన రోజున నర్సమ్మ వచ్చింది.

ఆవిడ పేరు కాదులే, పని. ఆసుపత్రిలో నర్సు. ఇద్దరు పిల్లలు, భర్త ఊళ్ళు తిరిగే ఉద్యోగం. బండి చిన్నది, పాతది, కానీ అద్దానికి పిల్లలు అంటించిన బొమ్మలతో సహా శుభ్రంగా ఉంటుంది. ముందురోజే దానికి సాయంత్రం స్నానం అయింది. మామయ్య నన్ను మోచేత్తో పొడిచాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఆయనే ముందుకొచ్చి, "ఈ బ్రేకుల్ని నమ్ముకుని పిల్లల్ని ఎక్కించుకు తిరుగుతున్నారా అమ్మా?" అన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. ఆలోచించుకుని వస్తానని వెళ్ళిపోయింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాడు మామయ్య ఆవిడ వెళ్ళాక.

"అబద్ధం పట్టలేదు మామయ్యా, చోటు చాల్లేదు."

"ఓహో. అయితే ఆ నోటికి పని లేదు, చేతులకి చెబుతా. రేపటినుంచి కార్లు కడుగు. కస్టమరుతో ఒక్క మాట మాట్లాడావో, పెట్టె సర్దుకో."

ట్యాగు తీసి అత్తయ్య బిల్లింగు బల్ల మీద పెట్టాను. అత్తయ్య అంది: "మీ అమ్మకి ఫోను చేస్తానుండు." చేసింది. నువ్వు ఏడ్చావు. నీ మీద ఒట్టేయించుకున్నావు, కస్టమర్లతో ఒక్క మాట కూడా మాట్లాడనని. వేశాను. నువ్వు చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు, నువ్వు వేలు పట్టి నడిపించిన కొడుకు, ఇద్దరి మధ్యా నిన్ను నిలబెట్టడం ఇష్టంలేక వేశాను. ఇప్పుడు నీకు అందిన ఫిర్యాదు ఏమిటంటే, నేను ఆ ఒట్టు గట్టున పెట్టి, అద్దాల గదిలోకి జొరబడి, ఉపన్యాసమిచ్చి, జనాన్ని రెచ్చగొట్టానని. నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం కింద గీత కూడా గీశావు: "నా తల మీద ఒట్టు వేసి కూడా?"

అమ్మా, ఇక్కడినుంచి వేళాకోళం లేదు. నేను ఒక్క మాట మాట్లాడలేదు.

మాట్లాడాలనిపించిన రోజు ఉంది. బస్టాపు దగ్గర నర్సమ్మ కనిపించింది. ఒకే గొడుగు కింద ఇద్దరు పిల్లలు, గొడుగు బయట తను. బడి సంచులకి ప్లాస్టిక్కు కవర్లు తొడిగింది. బండి ఇంట్లో పెట్టేసింది కాబోలు, బ్రేకులు పోయాయని చెప్పాం కదా. చిన్నది నీళ్ళలో చెప్పు పోగొట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. "ఏం కాలేదమ్మా, బండి తీసుకోండి" అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. నీ తల గుర్తొచ్చింది. రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాను. ఆ రోజు నువ్వు ఫోనులో "బుద్ధిగా ఉన్నావా?" అని అడిగావు. ఉన్నాను అన్నాను. అంత అసహ్యంగా ఎప్పుడూ బుద్ధిగా లేను.

ఆ శనివారమే ఆవిడ బండి తెచ్చి, సోమవారం వస్తాను, చూపించండి, మార్చాల్సిందే అయితే మార్చేయండి అని చెప్పి వదిలి వెళ్ళింది.

అదే మధ్యాహ్నం మామయ్య కారు తాళంచెవి కనపడకుండా పోయింది. నువ్వు కూడా రాశావుగా, "పాపం, వాడికి చిన్నప్పటినుంచీ మతిమరుపు, తాళం పోయి అసలే కంగారులో ఉంటే నువ్వొకడివి" అని. షెడ్డంతా వెతికాం. సోఫా దిండ్లు ఎత్తాం. గుండు మేస్త్రి చేపల తొట్టిలో చెయ్యి పెట్టి చూశాడు. అత్తయ్య, "తలకాయ ఒక్కటే మెడకి కుట్టేసి ఉంది కాబట్టి మిగిలింది" అని మామయ్యని అందరి ముందూ కడిగేసింది. ఆయన ఇంకో తాళం ఇంట్లో ఉంది, సోమవారం తెచ్చుకుంటానని గొణుక్కుంటూ, అత్తయ్య స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాడు. ఆ కొత్త కారు, ఎవర్నీ తాకనివ్వని కారు, తన చేతిరుమాలుతో తనే తుడుచుకునే కారు, మొదటిసారి ఆవరణలో ఉండిపోయింది.

షెడ్డు నియమం చెప్పాను కదా. షట్టరు దించే ముందు ఆవరణలో ఉన్న ప్రతి బండినీ కడగాలి. ప్రతి అంటే ప్రతి. నేను కేవలం కార్లు కడిగేవాణ్ణి, పెద్దల ఆజ్ఞలో మినహాయింపులు వెతకడానికి నాకు అర్హత లేదు. కడిగాను. చక్రాల్ని మరింత భక్తిగా కడిగాను. బాడీ తుడిచాను. చక్రాలు తుడవలేదు. అది ఎప్పుడూ ఆగే చోటు అద్దాల గదికి ఎదురుగానే, కాబట్టి దాన్ని అంగుళం కూడా జరపలేదు.

సోమవారం పొద్దున అద్దాల గదిలో నర్సమ్మ, ఒక మీసాల పెద్దాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు. నర్సమ్మ బండి లిఫ్టు మీద, చక్రాలు ఊడదీసి. మామయ్య ఇంటినుంచి తెచ్చుకున్న తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. గది తలుపు తెరిచే ఉంచి ఆవిణ్ణి బయటికి పిలిచి, డిస్కు మీద వేలితో గీసి, ఎర్రటి పొడి అంటిన వేలు చూపించాడు.

"చూడమ్మా. ఇంతకన్నా నేనేం చెప్పను?"

ఆవిడ తలూపింది. "సరేనండీ, మార్చేయండి. పిల్లలకంటే ఎక్కువేముంది." అని ఇటు తిరిగి, ఆగిపోయింది. "మరి మీదెప్పుడు మారుస్తున్నారండీ?"

"నాదా? నాదేమిటమ్మా?"

"మీ కారండీ. అదుగో, ఆ చక్రం కమ్మీల సందులోంచి డిస్కులు కనిపిస్తున్నాయి. నా వాటికంటే ఎర్రగా ఉన్నాయి. మీరూ పిల్లల్ని తిప్పుతారు కదండీ, అశ్రద్ధ చెయ్యకండి."

అమ్మా, ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. నిజంగా ఆదుర్దాపడింది. రోగి బంధువులకి చెప్పినట్టు చెప్పింది. మామయ్యకి చురుక్కుమన్నది అదే అనుకుంటాను. తన కొత్త కారుని ఎవరైనా అంటే ఆయన ఆగగలడా?

"అబ్బే, అది పైపై తుప్పమ్మా! నీళ్ళు పడితే తెల్లారేసరికి ఏ బండికైనా అలాగే వస్తుంది. గేటు దాకా వెళ్ళి రెండుసార్లు బ్రేకు తొక్కితే అద్దంలా..."

ఆగాడు. చేపలు కూడా ఆగినట్టు అనిపించింది.

మీసాలాయన లేచి నిలబడ్డాడు. "ఆ గేటు మీ ఒక్క బండికేనా అండీ, మా బండ్లకీ పనిచేస్తుందా?"

మామయ్య నావైపు తిరిగాడు. నేను దూరంగా, చేతిలో పైపుతో, మోకాళ్ళదాకా నురగతో ఉన్నాను. "ఏం నూరిపోశావురా వీళ్ళకి?"

నేను నోరు తెరవలేదు. ఒట్టు కదా. నర్సమ్మే అంది: "ఆ అబ్బాయేం చెప్పలేదండీ. ఇప్పుడు మీరే చెప్పారు."

గుండు మేస్త్రి ఎవరూ చెప్పకుండానే చక్రాలు బిగించేశాడు. ఆవిడ బండెక్కి గేటు దాకా పోయింది. గర్ర్ మంది. వెనక్కొచ్చింది, కొంచెం తక్కువ. ఇంకోసారి వెళ్ళొచ్చింది, చప్పుడు లేదు. దిగి, వంగి, చక్రంలోకి చాలాసేపు చూసింది. లేచి మామయ్యతో గొంతు పెంచకుండా ఒకే మాట అంది: "ఈ వారమంతా నా పిల్లలు వానలో తడిశారండీ."

వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాలే మీసాలాయన. తర్వాత మిగిలినవాళ్ళు, ఒక్కొక్కరే గేటు దాకా, మళ్ళీ వెనక్కి, మళ్ళీ గేటు దాకా. కాసేపు మన షెడ్డు డ్రైవింగు స్కూల్లా ఉంది.

ఇదీ నేను ఇచ్చిన ఉపన్యాసం.

ఇప్పుడు మామయ్య షరతు నీకు తెలుసు. ఈ శనివారంలోపు అద్దాల గదిలో నిలబడి, పనివాళ్ళందరి ముందూ, నేను కస్టమర్లని తప్పుదోవ పట్టించాను, డిస్కులు నిజంగానే పోయాయి, క్షమించండి అనాలి. నర్సమ్మకి ఫోను చేసి కూడా అనాలి. లేకపోతే ఉద్యోగమూ లేదు, గదీ లేదు, బకెట్టూ లేదు. నువ్వు రాశావు, "ఒక్క మాటే కదరా, అనేసెయ్, నా కోసం" అని.

అననమ్మా. నీ కోసం కార్లు కడిగాను. నీ కోసం నోరు కుట్టేసుకున్నాను. వానలో ఒంటికాలి మీద నిలబడ్డ పిల్లని చూసి నీ కోసం రోడ్డు దాటాను, అది ఇంకా గుచ్చుకుంటోంది. ఆ తల్లికి ఫోను చేసి మళ్ళీ భయపెట్టమంటే మాత్రం నా వల్ల కాదు. పెట్టె సర్దేశాను. శనివారం దాకా కడుగుతాను, చక్రాలు కూడా తుడుస్తాను. ఆయన పొమ్మంటే పోతాను. నాకు నేనుగా తప్పుడువాణ్ణని చెప్పుకుని మాత్రం ఉండను.

ఇదంతా మామయ్య అంటే గిట్టక కాదు. నాకు ఈ పాఠం చెప్పింది కాలేజీ అనుకుంటున్నావా? నేను చిన్నప్పుడు ఒక వాన వెలిసిన పొద్దున, ఆయన తన పాత బండిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బ్రేకు తొక్కాడు. గర్రుమంటే బెదిరిపోయాను. "విన్నావురా అల్లుడూ? అది రాత్రి పట్టిన తుప్పు ఊడిపోతున్న చప్పుడు. దానికి భయపడతారేంట్రా?" అని నవ్వాడు. ఆ నవ్వే నీకు పోయిన వానల్లో వినిపించింది. అక్క కారు ముందు అలా నవ్వగలిగినవాడు ఇంకొకరి అక్క కారు ముందు ఎందుకు నవ్వడు? నా గొడవంతా ఇదే.

అందుకని నీకొక పని అప్పగిస్తున్నాను. మామయ్య త్వరలో మనింటికి వస్తాడు. ఎందుకు వస్తాడో కింద రాస్తాను. వచ్చేదాకా నీ కారు తియ్యకు, బ్రేకు తొక్కకు, ఆ తుప్పుని అలాగే ఉంచు. రాగానే నన్ను వెనకేసుకు రావద్దు, ఆయన్ని తిట్టొద్దు. కారు దగ్గరికి తీసుకెళ్ళి, చక్రం చూపించి, "ఒరే తమ్ముడూ, ఇవి పోయాయా?" అని మాత్రం అడుగు. పోయాయి అంటే నేనే వచ్చి కాళ్ళు పట్టుకుంటాను. ఏం కాలేదక్కా అంటే, అదే మాట షెడ్డులో చెప్పమను. చాలు.

ఇక పొట్లం విప్పు.

నేను ఉపన్యాసమివ్వలేదు. జనాన్ని రెచ్చగొట్టలేదు. ఒట్టు తప్పలేదు. కడగడం నా డ్యూటీ, మెరిసే బాడీ కింద ఎర్రటి డిస్కు షెడ్డు ఆచారం, గేటు రహస్యం మామయ్య సొంత నోటి మాట. వీటిలో ఏదీ నా తప్పు కాదు. అందరితోపాటు సోఫా దిండ్లు ఎత్తి వెతికానని రాశాను చూడు, అక్కడ మాత్రం నేను కొంచెం ఎక్కువ శ్రద్ధగా నటించాను. ఆ మధ్యాహ్నం మామయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్తూ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. తిరిగొచ్చేసరికి అది నా జేబులో ఉంది. ఇప్పుడు నీ చేతిలో ఉంది. నీ దగ్గరుందని ఒక్క ఫోను చెయ్యి, మామయ్య వచ్చేది దానికోసమే.

ఇట్లు,
నీ తమ్ముడి మతిమరుపుకి ఏ పాపమూ తెలియదని, దానికి మాత్రం మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పుకుంటున్న
నీ కొడుకు